అదనుకు అందే సాయం

సేద్యం చేసేవారికి అదను విలువ తెలుసు. మృగశిర కార్తెలో ఒక మంచి వాన కురిస్తే చాలు, రైతు నారుమడి దున్ని విత్తనం చల్లుకుంటాడు. అదే వాన రెండు నెలలు ఆలస్యంగా వస్తే కొలతకు లోటు ఉండకపోవచ్చు. ఏడాది చివర లెక్క చూసేవారికి ఆ ఊళ్లో ఆ ఏడు వర్షపాతం సాధారణమనే తోచవచ్చు. కాని విత్తు వేసే వేళ దాటిపోయిన పొలానికి ఆ నీరు అక్కరకు రాదు. పేద విద్యార్థికి ప్రభుత్వం ఇచ్చే ఉపకార వేతనం కూడా ఇటువంటిదే. ఎంత ఇచ్చారన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఇచ్చారన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం. ఆలస్యం అమృతం విషం అని పెద్దలు ఊరకే అనలేదు.

చదువుకు అందే సాయం నడుమ ఆగితే ఏమవుతుందో స్వయంగా అనుభవించిన మహనీయుల్లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఒకరు. ఆయన 1912లో బొంబాయిలో బి.ఏ. పూర్తి చేశారు. బరోడా సంస్థానాధీశుడు శాయాజీరావు గైక్వాడ్ ఆయన ప్రతిభను గుర్తించి, విదేశాలలో చదువుకోవడానికి నెలకు పదకొండున్నర పౌండ్ల ఉపకార వేతనం మంజూరు చేశారు. 1913లో అంబేద్కర్ అమెరికా వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1915లో ఎం.ఏ. పట్టా పొంది, 1916లో లండన్ చేరి అక్కడ అర్థశాస్త్ర పరిశోధన ప్రారంభించారు. అంతలో 1917లో ఉపకార వేతనం గడువు ముగిసింది. పరిశోధనను సగంలో వదిలి ఆయన స్వదేశానికి తిరిగి రావలసి వచ్చింది.

మళ్లీ లండన్ వెళ్లడానికి ఆయనకు మూడేళ్లు పట్టింది. ఈ మధ్యకాలంలో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడుగా పనిచేసి జీతంలో కొంత మిగుల్చుకున్నారు. కొల్హాపూర్ ప్రభువు శాహూ మహారాజ్ సాయం చేశారు. నవల్ భతేనా అనే మిత్రుడు 5,000 రూపాయలు అప్పు ఇచ్చారు. 1920లో ఆయన తిరిగి లండన్ చేరుకున్నారు. 1923లో డి.ఎస్‌సి. పట్టా అందుకున్నారు. ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకోవడం వాడుక. అది నిజమే. అయితే అందులో ఇంకొక సంగతి కూడా ఉంది. నాలుగేళ్లలోగా తిరిగివస్తే చదువు కొనసాగించవచ్చునని లండన్ విశ్వవిద్యాలయం ఆయనకు అనుమతి ఇచ్చింది. ఆ అనుమతి, ఆ ఉద్యోగం, ఆ మిత్రుడు లేకపోతే అంతటి మేధావి చదువు కూడా 1917లోనే నిలిచిపోయి ఉండేదేమో! పట్టుదల ఉన్న పేద విద్యార్థులు ఎందరో ఉంటారు. ఆగినచోటి నుంచి మళ్లీ మొదలుపెట్టే వీలు అందరికీ ఉండదు.

తరువాతి కాలంలో అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యులయ్యారు. షెడ్యూల్డు కులాల ఇబ్బందులను వివరిస్తూ 1942లో ఆయన ప్రభుత్వానికి ఒక విజ్ఞాపన సమర్పించారు. ఆయన ఆ మండలిలో ఉన్న కాలంలోనే, 1944లో, మెట్రిక్యులేషన్ దాటి చదివే షెడ్యూల్డు కులాల విద్యార్థులకు ఉపకార వేతనాల పథకం మొదలైంది. ఎనభై ఏళ్లు దాటినా ఆ పథకం నేటికీ సాగుతూనే ఉంది. ఆ తరువాత గిరిజన విద్యార్థులకు, వెనుకబడిన తరగతుల వారికి కూడా ఇటువంటి పథకాలు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 తరువాత విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం ఎందరో కూలీల పిల్లలకు ఇంజనీరింగు కళాశాల తలుపులు తెరిచింది. తమిళనాడులో 2010-11 విద్యాసంవత్సరం నుంచి, కుటుంబంలో తొలి పట్టభద్రులు కాబోయే విద్యార్థులకు వృత్తివిద్యా కోర్సుల్లో బోధనా రుసుము రాయితీ ఇస్తున్నారు. ఆ రాయితీ పొందడానికి కుటుంబంలో అంతకుముందు పట్టభద్రులెవరూ లేరని ధ్రువీకరించే పత్రం కావాలి. ఒక ఇంటికి తొలి పట్టభద్రుడు కావడమే ఒక అర్హతగా గుర్తింపు పొందడం గొప్ప విషయం.

ఈ పథకాల విలువను ఎవరూ కాదనలేరు. అవి లేకపోతే లక్షలాది పిల్లల చదువు పదో తరగతితోనో, ఇంటర్మీడియట్‌తోనో ఆగిపోయేది. ఇక్కడ చెప్పుకోవలసింది సాయం లేకపోవడం గురించి కాదు. మంజూరైన సాయం చేతికి అందేదాకా సాగే నిరీక్షణ గురించి.

ఒక ఉదాహరణ తీసుకుంటే ఈ నిరీక్షణ ఎటువంటిదో తేటపడుతుంది. అప్పడాలకు పేరుపడ్డ ఒడిశాలోని బరంపురంలో తెలుగు మాట్లాడే ఒక షెడ్యూల్డు కుల కుటుంబం ఉందనుకోవచ్చు. తండ్రి బజారులో మూటలు మోస్తాడు. తల్లి రోజు కూలికి అప్పడాలు వత్తుతుంది. వారి పెద్ద కూతురు ఇంటర్మీడియట్ మంచి మార్కులతో గట్టెక్కి, విశాఖపట్నంలోని ఒక కళాశాలలో సీటు సంపాదించుకుంది. ఆ ఇంట్లో కళాశాల మెట్టెక్కిన మొదటి మనిషి ఆ అమ్మాయే. ఉపకార వేతనం వస్తుందన్న నమ్మకంతోనే తల్లిదండ్రులు ఆమెను రైలెక్కించారు.

కళాశాల చేరిన తొలినాడే అవసరాలు మొదలవుతాయి. హాస్టలుకు ముందుగా కొంత సొమ్ము కట్టాలి. నెల తిరిగేసరికి మెస్ బిల్లు వస్తుంది. పుస్తకాలు, ప్రయోగశాల రికార్డులు, బస్సు పాసు కొనాలి. అర్ధసంవత్సరం ముగిసేసరికి పరీక్ష రుసుము కట్టాలి. గడువు దాటితే దానికి అపరాధ రుసుము కూడా తోడవుతుంది. వీటిలో ఏ ఒక్కటీ ఉపకార వేతనం వచ్చేదాకా ఆగదు.

ఉపకార వేతనం నడక మాత్రం వేరు. విద్యార్థిని ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. దానికి కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, మార్కుల జాబితా, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు జత చేయాలి. ఆ దరఖాస్తును ముందు కళాశాల పరిశీలించి పంపాలి. ఆపైన సంక్షేమ శాఖ పరిశీలించాలి. తరువాత నిధుల మంజూరు, ఖజానా ఆమోదం, చివరకు బ్యాంకులో జమ. ఎక్కడ ఒక్క చిక్కుముడి పడినా అంతా అక్కడే ఆగుతుంది. పైగా ఈ పథకంలో వేతనం చెల్లించవలసింది విద్యార్థి చదివే రాష్ట్రం కాదు, స్వరాష్ట్రం. కాబట్టి ఒడిశా అమ్మాయి విశాఖలో చదివితే, కళాశాల ఒక రాష్ట్రంలోనూ సొమ్ము మంజూరు చేసే కార్యాలయం వేరొక రాష్ట్రంలోనూ ఉంటాయి. ఏదైనా సందేహం వస్తే అడగడానికి విద్యార్థిని ఒకచోట, చెప్పవలసినవారు మరొకచోట.

సొంత రాష్ట్రం వెలుపల పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు మరొక చిత్రమైన ఇబ్బంది కూడా ఎదురవుతుంది. తెలుగువారిలో ఇంటిపేరు ముందు, పేరు తరువాత రావడం ఆచారం. ఒడిశాలోనూ మహారాష్ట్రలోనూ ఇంటిపేరును చివర రాస్తారు. పదో తరగతి ధ్రువపత్రంలో పేరు ఒక తీరుగా, ఆధార్‌లో మరొక తీరుగా, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరాలతో ఇంకొక తీరుగా ఉంటే యంత్రం ముగ్గురు వేర్వేరు మనుషులని భావిస్తుంది. దరఖాస్తు వెనక్కి వస్తుంది. దానిని సరిచేయించడానికి తండ్రి రెండు మూడు రోజుల కూలి వదులుకుని కార్యాలయం చుట్టూ తిరగాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యలేదన్న సామెత ఇటువంటి వేళల్లోనే గుర్తుకు వస్తుంది. ఇక్కడ పూజారి తప్పు కూడా లేకపోవచ్చు. ఒక అక్షరం తేడా చాలు.

ఆలస్యమైన ప్రతి నెలకూ ఒక ధర ఉంటుంది. కలిగినవారి ఇంట్లో ఆ ధర కనిపించదు. తండ్రి జీతంలో నుంచి ఫీజు కట్టి, సాయం వచ్చినప్పుడు తిరిగి తీసుకుంటాడు. కూలి చేసుకునే ఇంట్లో అప్పు చేయక తప్పదు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు తెస్తే నెలకు వడ్డీ 300 రూపాయలు. సాయం ఎనిమిది నెలలు ఆలస్యమైతే వడ్డీయే 2,400 రూపాయలు అవుతుంది. చివరకు ఉపకార వేతనం పూర్తిగా అందినా ఆ ఇంటికి 2,400 రూపాయల నష్టం జరిగినట్లే. ఈ నష్టం ఏ ప్రభుత్వ దస్త్రంలోనూ కనిపించదు. దస్త్రంలో మంజూరు, చెల్లింపు సరిగ్గా సరిపోతాయి. తేడా అంతా తాకట్టు కొట్టులో ఉన్న తల్లి చెవి కమ్మల్లో ఉంటుంది.

డబ్బు నష్టం కంటే లోతైనది మరొకటి ఉంది. ఫీజు బకాయి ఉన్నవారి పేర్లు కొన్ని కళాశాలల్లో నోటీసు బోర్డు మీదికి ఎక్కుతాయి. హాల్‌టికెట్టు ఇచ్చేటప్పుడు బకాయిదార్లను పక్కన నిలబెడతారు. అక్కడ నిలబడ్డ పిల్ల తన తప్పు ఏమిటో వెతుక్కుంటుంది. ఆమె దరఖాస్తు సకాలంలో పెట్టింది. హాజరు ఉంది. మార్కులు ఉన్నాయి. అయినా బకాయిదారు అన్న మాట ఆమె పేరు పక్కనే ఉంది. నిజానికి బాకీ ఉన్నది ఆమె కాదు. ఆమెకు రావలసినది ఇంకా రాలేదు, అంతే. కాని పద్దెనిమిదేళ్ల వయసులో, నలుగురి ఎదుట, ఈ తేడాను నిబ్బరంగా చెప్పగలగడం సులభం కాదు.

చదువుకున్న కుటుంబంలో పుట్టిన పిల్లలకు ఇటువంటి సమయంలో ఒక అండ ఉంటుంది. అన్నో, పిన్నో, మేనమామో గతంలో ఇవన్నీ చూసి ఉంటారు. ఇది మామూలే, మార్చిలోగా వస్తుంది, ప్రిన్సిపాలుకు ఒక అర్జీ రాయి అని చెబుతారు. ఆ ఒక్క మాటతో సగం భయం తీరిపోతుంది. మొదటి తరం విద్యార్థికి ఆ మాట చెప్పేవారు ఇంట్లో ఉండరు. తల్లిదండ్రులకు ప్రేమ తక్కువై కాదు. కళాశాల అనేది వారు ఎన్నడూ అడుగుపెట్టని లోకం. కూతురు ఫోను చేసి డబ్బు ఇంకా పడలేదని చెబితే, ఆ తండ్రికి తెలిసిన దారి ఒక్కటే: ఇంకొకరి దగ్గర చేయి చాచడం. అందుకే చాలామంది పిల్లలు ఇంటికి నిజం చెప్పరు. ఒక పూట భోజనం మానుకుంటారు. సాయంత్రం ఏ దుకాణంలోనో పని వెతుక్కుంటారు. తరగతులు తప్పుతాయి, హాజరు తగ్గుతుంది. హాజరు తగ్గితే వచ్చే ఏడాది ఉపకార వేతనానికే ముప్పు వస్తుంది. ఆడపిల్ల అయితే, చదువు మనకు అచ్చిరాలేదు, సంబంధం చూద్దాం అన్న మాట ఇంట్లో మొదలవుతుంది. ఇలా చదువు మానిన పిల్లలను గురించి వారికి శ్రద్ధ లేదని లోకం అనుకుంటుంది.

ఈ ఆలస్యానికి ఎవరో ఒక గుమాస్తా సోమరితనమే కారణమనుకోవడం సరికాదు. నిధుల ఏర్పాటులోనే కొన్ని చిక్కులు ఉన్నాయి. షెడ్యూల్డు కులాల ఉపకార వేతనాల పాత పద్ధతిలో, ఒక పంచవర్ష ప్రణాళిక చివరి సంవత్సరం అయిన ఖర్చు తరువాతి కాలానికి రాష్ట్రం మీదే స్థిర భారంగా పడేది. దానికి మించిన మొత్తాన్ని మాత్రమే కేంద్రం ఇచ్చేది. చదివే పిల్లలు పెరిగిన కొద్దీ రాష్ట్రాల భారం కూడా పెరిగింది. 2017-18 నుంచి 2019-20 వరకు కేంద్రం ఏటా ఇచ్చినది సుమారు 1,100 కోట్ల రూపాయలు మాత్రమే. చాలా రాష్ట్రాల్లో బకాయిలు పేరుకున్నాయి. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పద్ధతిని మార్చింది. ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరించాలని, ఈశాన్య రాష్ట్రాల్లో కేంద్రం వాటా 90 శాతం ఉండాలని నిర్ణయించింది. అయిదేళ్లకు మొత్తం 59,048 కోట్ల రూపాయల వ్యయాన్ని ఆమోదించింది. 2021-22 నుంచి కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలోకే వెళ్లే ఏర్పాటు జరిగింది.

ఇది మంచి మార్పే. అయితే రాష్ట్రం తన వాటా చెల్లించిన తరువాతనే కేంద్రం వాటా విడుదల అవుతుంది. అందువల్ల ఒక చేయి ఆలస్యమైతే రెండో చేయి కూడా ఆగుతుంది. కళాశాలల కష్టం మరొకటి. ప్రభుత్వం నుంచి రావలసిన ఫీజులు రాకపోతే అధ్యాపకుల జీతాలు ఆగుతాయి. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు ఫీజు బకాయిలు చెల్లించాలని కోరుతూ తరగతులు నిలిపివేశాయి. ప్రభుత్వానికీ కళాశాలకూ మధ్య ఉన్న లెక్కల భారం చివరకు వచ్చి పడేది అందరికంటే తక్కువ బలం ఉన్న విద్యార్థి మీదనే.

సమయానికి అందని కొద్దిపాటి సొమ్ము ఎంతటి చదువును ఆపగలదో 2024లో దేశమంతా చూసింది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక దినసరి కూలీ కుమారుడికి ధన్‌బాద్‌లోని ఐఐటీలో సీటు వచ్చింది. సీటు నిలుపుకోవడానికి 17,500 రూపాయలు కట్టాలి. జూన్ 24 సాయంత్రం 5 గంటలు గడువు. ఆ కుటుంబం సొమ్ము కూడగట్టేసరికి సమయం మించిపోయింది, సీటు చేజారింది. ఆ యువకుడు న్యాయస్థానాల మెట్లెక్కాడు. 2024 సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తనకున్న ప్రత్యేక అధికారాన్ని వినియోగించి, అతనికి అదే సంస్థలో ప్రవేశం ఇవ్వాలని ఆదేశించింది. న్యాయం జరిగింది. కాని 17,500 రూపాయల కోసం దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లవలసి రావడం ఆలోచింపజేసే విషయం. అంత దూరం నడవలేనివారి సీట్లు ఎవరికీ తెలియకుండానే చేజారిపోతాయి.

మరి దీనికి దారి ఏమిటి? ఇల్లు కాలిన తరువాత బావి తవ్వినందువల్ల ప్రయోజనం లేదు. కాబట్టి సాయం ముందే సిద్ధంగా ఉండాలి. 2021లో సవరించిన నిబంధనల్లో అర్హులైన షెడ్యూల్డు కుల విద్యార్థులకు ఫ్రీషిప్ కార్డు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ కార్డు ఉన్నవారు ముందుగా ఫీజు చెల్లించకుండానే కళాశాలలో చేరవచ్చు. సొమ్ము ఖాతాలో పడ్డాక కళాశాలకు చెల్లించాలి. ఇటువంటి ఏర్పాట్లు ప్రతి కళాశాలలో అమలు కావాలి. ప్రవేశం రద్దు చేసుకున్నా, ఫీజు వివాదం ఉన్నా, విద్యార్థి మూల ధ్రువపత్రాలను కళాశాల తన దగ్గర అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో స్పష్టంగా ప్రకటించింది. ఈ సంగతి విద్యార్థులకు తెలిసి ఉండాలి. ఉపకార వేతనం మంజూరైన విద్యార్థిని బకాయిదారుల జాబితాలో చేర్చకపోవడం ఏ కళాశాలకైనా ఖర్చులేని పని. ఫలానా నెలలో మీ సొమ్ము వస్తుందని కచ్చితంగా చెప్పగలిగితే, ఆ ఒక్క తేదీని నమ్ముకుని ఒక కుటుంబం తన ఖర్చులను సర్దుకుంటుంది.

విద్యార్థులు చేయగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి. పదో తరగతి ధ్రువపత్రాలు తయారయ్యే ముందే పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ అన్ని పత్రాల్లో ఒకే తీరుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలను సెలవుల్లోనే తెచ్చుకోవాలి. బ్యాంకు ఖాతాను ఆధార్‌తో అనుసంధానం చేయించి, అది వాడుకలో ఉండేలా చూసుకోవాలి. దరఖాస్తు సంఖ్యను, ప్రతి రసీదును భద్రపరచుకోవాలి. దరఖాస్తు ఎక్కడ ఆగిందో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, డబ్బు రాకపోతే సిగ్గుపడి దాచుకోకూడదు. ఉపాధ్యాయులకో అధ్యాపకులకో చెప్పాలి. ఉపకార వేతనం ఎవరో వేసే భిక్ష కాదు. చదువుకునే పిల్లలకు సమాజం రాసి ఇచ్చిన మాట.

బరంపురం అమ్మాయి వంటి పిల్లలు ఏ ఏటికి ఆ ఏడు ఈ ముళ్లదారిలో నడుస్తూనే ఉంటారు. వారిలో చాలామంది ఎలాగో గట్టెక్కుతారు కూడా. ఆ అమ్మాయి రెండో సంవత్సరంలోకి వచ్చేసరికి ఆమె తమ్ముడు పదో తరగతికి వస్తాడు. ఏ పత్రం ఎక్కడ దొరుకుతుందో, ఇంటిపేరు ఎలా రాయాలో, దరఖాస్తు వెనక్కి వస్తే ఎవరిని కలవాలో చెప్పడానికి అతనికి ఇంట్లోనే ఒక మనిషి ఉంటుంది. అక్కకు దొరకని ఆ అండ తమ్ముడికి దొరుకుతుంది. ఇక ప్రభుత్వం వంతు మిగిలింది ఒక్కటే. ఆ అబ్బాయికి రావలసిన సొమ్ము, పరీక్ష రుసుము గడువుకు ముందే వాడి ఖాతాలో పడాలి.